ప్రాణాగ్ని రహస్యాన్ని వెదకిన యల్లాప్రగడ సుబ్బారావు

మనం నడుస్తాం, పరుగెత్తుతాం, బరువులెత్తుతాం. నిద్రించే వేళ కూడా మన గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఈ పనులన్నిటికీ శక్తి కావాలి. ఆ శక్తి తిన్న అన్నం నుండి వస్తుందని అందరికీ తెలుసు. కడుపులో జఠరాగ్ని ఉందనీ, అదే ఆహారాన్ని పచనం చేస్తుందనీ మన పెద్దలు చెబుతూ వచ్చారు. పొయ్యిలో కట్టె మండితే మంట కనబడుతుంది, పొగ వస్తుంది. దేహంలో మంటా లేదు, పొగా లేదు. మరి అన్నం శక్తిగా మారేదెలా? ఆ శక్తి నిలువ ఉండేదెక్కడ? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకిన శాస్త్రజ్ఞులలో ఒక తెలుగువాడు ముందు వరుసలో నిలిచాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరం జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించాడు. ఈ పట్టణం నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. ఆ రోజులలో అది మద్రాసు రాజధానిలోని భాగం. తండ్రి జగన్నాథం రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన తొందరగా ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగవవాడు. ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, వచ్చే రాబడి తక్కువ.

చిన్ననాడు సుబ్బారావుకు చదువుపై మనసు నిలవలేదు. పదమూడేళ్ళ వయసులో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని అతని ఆలోచన. పెద్దలు వెదకి వెనక్కు తెచ్చారు. తల్లి మందలించి మళ్ళీ బడికి పంపింది. అతడు రాజమండ్రిలో చదివాడు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. తల్లి నిరాశ చెందలేదు. తన నగలమ్మి కొడుకును మద్రాసుకు పంపింది. హిందూ హైస్కూలులో చేరిన సుబ్బారావు మూడవ ప్రయత్నంలో ఆ పరీక్ష గట్టెక్కాడు.

ఆ తరువాత అతడు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదివాడు. గణితంలో మంచి ప్రతిభ చూపాడు. అదే కాలంలో రామకృష్ణ మఠం వారి సేవ అతని మనసును ఆకట్టుకుంది. సన్యాసం పుచ్చుకుందామనుకున్నాడు. తల్లి అంగీకరించలేదు. వైద్యం నేర్చుకుని రోగులకు సేవ చేయమని మఠంలోని పెద్దలు కూడా సలహా ఇచ్చారు. ఆ మాట సుబ్బారావు జీవితాన్ని మలుపు తిప్పింది. 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. 1919లో అనపర్తి గ్రామానికి చెందిన కస్తూరి వారి ఆడపడుచు శేషగిరితో అతనికి వివాహం జరిగింది. చదువు ఖర్చులకు మామగారు అండగా నిలిచారు.

అవి స్వాతంత్ర్యోద్యమం ఉద్ధృతంగా సాగుతున్న రోజులు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు కట్టాడు. శస్త్రచికిత్సశాలలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్ళాడు. ఇది ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం తెప్పించింది. వ్రాతపరీక్షలలో బాగా వ్రాసినా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. దానితో ప్రభుత్వ వైద్యశాఖలో చేరే ఆశ సన్నగిల్లింది.

ఆ సంవత్సరాలలోనే ఆ కుటుంబంపై పిడుగు పడింది. కొద్ది రోజుల తేడాలో సుబ్బారావు సోదరులిద్దరు సంగ్రహణి వ్యాధితో మరణించారు. ఈ వ్యాధి సోకినవారికి తిన్న తిండి వంటబట్టదు. విరేచనాలు తగ్గవు. నాలుక పూస్తుంది. రక్తం క్షీణిస్తుంది. మనిషి రోజురోజుకు ఎండిపోతాడు. ఆనాటి పాశ్చాత్య వైద్యంలో దీనికి సరైన మందు లేదు. తాను నేర్చిన వైద్యం తన తోబుట్టువులను కాపాడలేకపోయిందన్న బాధ సుబ్బారావును దహించివేసింది. తరువాత ఆయనకే ఆ వ్యాధి సోకింది. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నాడు. ఆ కృతజ్ఞతతో మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించసాగాడు. అయినా ఈ రోగం ఎందుకు వస్తుంది, దేహంలో ఏ లోపం దీనికి మూలం అన్న ప్రశ్న ఆయనను వదలలేదు.

దానికి సమాధానం పరిశోధనలోనే దొరుకుతుందని సుబ్బారావు నమ్మాడు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల వైద్యం చదవాలని నిశ్చయించాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తానన్నది. మామగారు మరికొంత సొమ్ము సమకూర్చారు. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి, 1920ల తొలి సంవత్సరాలలో ఆయన ఓడ ఎక్కాడు. ఆ మాట నిలుపుకోలేకపోయాడు. దేశం విడిచిన సుబ్బారావు మళ్ళీ ఈ గడ్డపై అడుగు పెట్టలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడనే లేదు.

బోస్టను నగరంలో తొలి రోజులు కష్టంగా గడిచాయి. ఆయన వైద్య పట్టాతో అక్కడ వైద్యం చేయడానికి వీలు లేదు. పగలు చదువుకుంటూ, రాత్రివేళ ఒక ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరాడు. డాక్టరునన్న అభిమానం ఆ పనికి అడ్డు రాలేదు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందిన తరువాత హార్వర్డులోనే జీవరసాయన శాస్త్ర విభాగంలో చేరాడు. అక్కడ సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పరిశోధన ప్రారంభించాడు.

ఆయనకు అప్పగించిన మొదటి పని రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులువైన పద్ధతి కనిపెట్టడం. భాస్వరం అంటే ఎముకలలోను, పళ్ళలోను అధికంగా ఉండే మూలకం. ఫిస్క్, సుబ్బారావు కలిసి ఒక పద్ధతిని రూపొందించారు. పరీక్షించవలసిన ద్రవానికి కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎక్కువ ఉంటే రంగు చిక్కబడుతుంది, తక్కువ ఉంటే పలచబడుతుంది. రంగును పోల్చి చూసి మోతాదు చెప్పవచ్చు. 1925లో ప్రకటించిన ఈ పద్ధతి వారిద్దరి పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. దశాబ్దాల తరబడి ప్రపంచమంతటా ప్రయోగశాలలలో దీనిని వాడారు. జీవరసాయన శాస్త్ర విద్యార్థులు ఈ పేరును నేటికీ చదువుకుంటారు.

ఈ పద్ధతితో కండరాలలోని భాస్వరాన్ని కొలిచేటప్పుడు ఒక వింత కనబడింది. నీలిరంగు రావలసినంత వేగంగా రావడం లేదు. మెల్లమెల్లగా చిక్కబడుతున్నది. మరొకరైతే కొలతలో పొరపాటు జరిగిందని ఊరుకునేవారు. సుబ్బారావు, ఫిస్క్ అలా ఊరుకోలేదు. కండరంలో భాస్వరం కొంత మరొక పదార్థంతో ముడిపడి ఉన్నదనీ, పరీక్ష జరిగేటప్పుడు ఆ ముడి నెమ్మదిగా విడిపోతున్నదనీ గ్రహించారు. ఆ పదార్థాన్ని వేరుచేసి చూశారు. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతిని లోకానికి తెలిపారు. కండరం పనిచేస్తే ఈ పదార్థం తరుగుతుంది. విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ పెరుగుతుంది. దాదాపు అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఇటువంటి పదార్థాన్నే గుర్తించారు.

ఇది సామాన్యమైన విషయం కాదు. అంతకు ముందు శాస్త్రజ్ఞులు కండరాన్ని కదిలించేది లాక్టికామ్లమని నమ్మేవారు. పాలు తోడుకుని పెరుగైనప్పుడు పులుపునిచ్చేది ఈ ఆమ్లమే. అలసిన కండరంలో కూడా ఇది పోగవుతుంది. కండరంలో ఇది పుట్టే తీరును వివరించిన మేయర్‌హాఫ్‌కు, కండరంలో పుట్టే వేడిని కొలిచిన హిల్‌కు కలిపి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడగానే ఆ నమ్మకం కదిలింది. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ లాక్టికామ్లం పుట్టకుండా ఆపి చూశాడు. అయినా కండరం కొంతసేపు పనిచేసింది. ఫాస్ఫోక్రియాటిన్ అయిపోయేవరకు ఆగలేదు. దానితో పాత సిద్ధాంతం వీగిపోయింది.

1929లో ఫిస్క్, సుబ్బారావు కండరం నుండి మరొక పదార్థాన్ని వేరుచేశారు. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. క్లుప్తంగా ఏ.టి.పి. అంటారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీనిని కనుగొన్నాడు. ప్రాణికోటి మొత్తానికి ఈ పదార్థమే శక్తినిచ్చే నాణెమని తరువాత తేలింది. ఒక రైతు కుటుంబాన్ని తలచుకుంటే ఇది సులభంగా అర్థమవుతుంది. గాదెలో ధాన్యం ఉంటుంది. పెట్టెలో కొంత డబ్బు ఉంటుంది. అంగడికి వెళ్ళేటప్పుడు చేతిలో చిల్లర ఉంటుంది. అంగడిలో చెల్లేది ఆ చిల్లరే. మన దేహంలో కొవ్వు గాదెలోని ధాన్యం వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ పెట్టెలోని డబ్బు వంటిది. ఏ.టి.పి. చేతిలోని చిల్లర. గుండె కొట్టుకోవాలన్నా, కన్ను ఆర్పాలన్నా ఈ చిల్లర ఖర్చు కావలసిందే.

ఖర్చయిన చిల్లర మళ్ళీ ఎక్కడి నుండి వస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం ఎందరో శాస్త్రజ్ఞుల కృషి ఫలితంగా లభించింది. మన దేహంలోని ప్రతి భాగం కణాలతో కూడి ఉంది. దాదాపు ప్రతి కణంలోను మైటోకాండ్రియా అనే అతి చిన్న భాగాలుంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం మాత్రమే ఉంటుంది. ఇవే కణానికి పొయ్యిలు. పెద్ద దుంగను ఎవరూ ఒకేసారి పొయ్యిలో పెట్టరు. చీల్చి, పుల్లలు చేసి ఒక్కొక్కటిగా ఎగదోస్తారు. దేహం కూడా అంతే. అన్నంలోని పిండిపదార్థాన్ని ముందు చక్కెరగా, ఆ చక్కెరను పైరూవికామ్లమనే చిన్న ఆమ్లంగా చీలుస్తుంది. కండరంలో పోగుపడిన లాక్టికామ్లం కూడా మళ్ళీ పైరూవికామ్లంగా మారగలదు. ఈ ఆమ్లం మైటోకాండ్రియాలోకి వెళ్ళి ఇంకా విడిపోతుంది. అక్కడ సిట్రికామ్లం, సక్సినికామ్లం, మాలికామ్లం వంటి చిన్న ఆమ్లాలు ఒకదాని నుండి ఒకటి పుడుతూ గుండ్రంగా తిరుగుతాయి. సిట్రికామ్లం నిమ్మపండుకు పులుపునిచ్చేదే. ఈ చక్రాన్ని 1937లో హాన్స్ క్రెబ్స్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. చక్రం తిరిగేకొద్దీ బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. మనం వదిలే ఊపిరిలో ఉండేది అదే. అప్పుడు విడుదలైన శక్తితో ఏ.టి.పి. తయారవుతుంది.

ఈ ఆమ్లాలను విడగొట్టే పనివారు ఎంజైములు. అయితే పనివాడు ఎంత నేర్పరి అయినా చేతిలో పనిముట్టు లేకపోతే పని సాగదు. ఎర్రగా కాలిన ఇనుమును పట్టుకోవడానికి కమ్మరికి పట్టకారు కావాలి. ఆ విధంగానే ఎన్నో ఎంజైములకు విటమినులు పనిముట్లు. ఈ పనిముట్లను మన దేహం తనంతట తాను చాలినంతగా తయారుచేసుకోలేదు. ఆహారం నుండి పొందవలసిందే. పైరూవికామ్లాన్ని విడగొట్టే ఎంజైముకు థయమిన్ అనే బి1 విటమిను కావాలి. అది లేకపోతే రక్తంలో పైరూవికామ్లం పేరుకుపోతుంది. నరాలు, గుండె దెబ్బతిని బెరిబెరి వ్యాధి వస్తుంది. తవుడు పూర్తిగా పోయేట్లు మరపట్టిన బియ్యమే ముఖ్యాహారమైన కోస్తా జిల్లాలలో ఒకనాడు ఈ వ్యాధి ఎక్కువగా ఉండేది. తవుడుతో పాటు విటమిను కూడా పోవడమే దానికి కారణం.

పైరూవికామ్లం విడిపోగా మిగిలిన ముక్కను పట్టి క్రెబ్స్ చక్రంలోకి చేర్చడానికి మరొక పనిముట్టు కావాలి. అది సహ ఎంజైము ఏ. అందులో పాంటోథెనికామ్లమనే విటమిను ఉంటుంది. అన్ని రకాల ఆహారాలలోను దొరుకుతుంది గనుక అన్ని దిక్కుల నుండి అన్న అర్థంలో గ్రీకు భాషలోని మాటతో దానికా పేరు పెట్టారు. సుబ్బారావుకు ఈ విటమినుతోను సంబంధం ఉంది. ఆయన, జార్జి హిచింగ్స్ కలిసి ఎలుకలపై ప్రయోగాలు చేసి, వాటి పోషణకు పాంటోథెనికామ్లం అవసరమని 1939లో తెలిపారు. అది దేహంలో చేసే పని ఏమిటో ఆనాటికి తెలియదు. లిప్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు 1940లలో సహ ఎంజైము ఏ ను కనుగొన్న తరువాత ఆ చిక్కు వీడింది. లిప్‌మన్, క్రెబ్స్ 1953లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

సుబ్బారావుకు 1930లో పిహెచ్.డి. పట్టం లభించింది. ఇంత కృషి చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. ఆయన వేరుచేసిన పదార్థాలు కొన్ని ప్రచురణకు నోచుకోలేదు. వాటిని ఇతరులు ఏళ్ళ తరువాత మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన హిచింగ్స్ చెప్పాడు. అయినా సుబ్బారావు ఎవరినీ నిందిస్తూ కూర్చోలేదు. 1940లో హార్వర్డు వదిలి న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే పరిశోధనశాలకు వెళ్ళాడు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యాడు.

అక్కడ ఆయన తన పాత ప్రశ్నను మళ్ళీ చేతికి తీసుకున్నాడు. సంగ్రహణి రోగి రక్తం ఎందుకు క్షీణిస్తుంది? పశువుల కాలేయం తినిపిస్తే కొన్ని రకాల రక్తహీనత తగ్గుతుందని అప్పటికే తెలుసు. బొంబాయిలో పనిచేసిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, గర్భిణీ స్త్రీలకు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని 1931లో తెలిపింది. కాలేయంలోను, ఈస్టులోను దాగి ఉన్న ఆ మందు ఏమిటి? దానిని స్వచ్ఛంగా పట్టుకోవడం గడ్డివాములో సూదిని వెదకడమే. కాలేయాన్ని బస్తాలకొద్దీ వడగట్టినా చేతికి దక్కేది చిటికెడు కూడా కాదు. సుబ్బారావు తన బృందంతో ఏళ్ళ తరబడి శ్రమించాడు. చివరకు 1945లో ఆ పదార్థాన్ని ప్రయోగశాలలోనే కృత్రిమంగా తయారుచేశారు. అదే ఫోలికామ్లం. ఆకుకూరలలో అది సమృద్ధిగా ఉంటుంది.

ఫోలికామ్లం ఇవ్వగానే సంగ్రహణి రోగులు కోలుకోసాగారు. వారి నాలుక పూత తగ్గింది. రక్తం వృద్ధి చెందింది. ఆకలి పుట్టింది. ఏ రోగం తన సోదరులిద్దరినీ పొట్టన పెట్టుకున్నదో ఆ రోగానికి సుబ్బారావు మందు సాధించాడు. కాని అప్పటికి పాతికేళ్ళు గడిచిపోయాయి. తన ఇంటిని కాపాడలేకపోయిన ఆ మందు లెక్కలేనన్ని ఇళ్ళను కాపాడింది.

అయితే కాలేయంలో మరొక రహస్యం కూడా ఉంది. ప్రాణాంతకమైన మరొక రకం రక్తహీనతలో ఫోలికామ్లం రక్తాన్ని పెంచింది గాని, రోగుల నరాలు దెబ్బతినకుండా ఆపలేకపోయింది. ఆ రోగానికి అసలైన మందు కోసం సుబ్బారావు హార్వర్డు రోజుల నుండి వెదుకుతూనే ఉన్నాడు. ఈ పందెంలో ఆయన గెలవలేదు. 1948లో అమెరికాలో మరొక సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు, ఇంగ్లండులో లెస్టర్ స్మిత్ బృందం ఆ పదార్థాన్ని ఎర్రని స్ఫటికాలుగా వేరుచేశారు. అదే బి12 విటమిను.

బి12 కూడా మైటోకాండ్రియాలో ఒక పనిముట్టే అని తరువాతి పరిశోధనలు తెలిపాయి. కొన్ని మాంసకృత్తుల భాగాలు, కొన్ని కొవ్వుల భాగాలు విడిపోయినప్పుడు ప్రొపియోనికామ్లమనే చిన్న ఆమ్లం పుడుతుంది. బయోటిన్ అనే విటమిను తోడుగా గల ఎంజైము దానికి ఒక కర్బన పరమాణువును చేరుస్తుంది. అప్పుడు ఏర్పడిన మిథైల్ మెలోనికామ్లాన్ని, బి12 తోడుగా గల మరొక ఎంజైము సక్సినికామ్లంగా మారుస్తుంది. సక్సినికామ్లం నేరుగా క్రెబ్స్ చక్రంలో కలిసిపోతుంది. ఈ ఆమ్లాలు ఆ పనులు చేసేది సహ ఎంజైము ఏ తో ముడిపడి ఉన్నప్పుడే. బి12 లోపిస్తే మిథైల్ మెలోనికామ్లం మారే దారి లేక రక్తంలోను, మూత్రంలోను పేరుకుంటుంది. దానిని కొలిచి బి12 లోపాన్ని వైద్యులు గుర్తిస్తారు. పుట్టుకతోనే ఈ ఎంజైములో లోపం ఉన్న పసిపిల్లలు కొందరుంటారు. వారిలో కొందరికి బి12 సూదిమందు ప్రాణం నిలుపుతుంది. ఒక చిన్న ఆమ్లం తన దారిన తాను పోవడానికి ఇన్ని విటమినులు కావాలి. ఆహారంలో అన్నం ఒక్కటే చాలదనీ, పప్పు, ఆకుకూరలు, పాలు, పండ్లు కూడా ఉండాలనీ చెప్పడంలోని అర్థం ఇదే.

ఫోలికామ్లం మరొక దారి కూడా చూపింది. కణాలు కొత్తగా పుట్టడానికి ఈ విటమిను అవసరం. రక్తకాన్సరులో తెల్లకణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. ఫోలికామ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే పదార్థాన్ని ఇస్తే ఆ పెరుగుదలను ఆపవచ్చు. సుబ్బారావు బృందం అటువంటి పదార్థాలను తయారుచేసి ఇచ్చింది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు వాటిలో ఒకదానిని రక్తకాన్సరు సోకిన చిన్నపిల్లలకు ఇచ్చాడు. పదహారు మంది పిల్లలలో పదిమందికి కొంతకాలం పాటు వ్యాధి తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. కాన్సరుకు మందులతో చేసే చికిత్సకు ఇది గొప్ప ఆరంభం. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ అనే మందును కాన్సరుకు, కీళ్ళవాతానికి వైద్యులు నేటికీ వాడుతున్నారు.

సుబ్బారావు ఆధ్వర్యంలోనే బోదకాలు వ్యాధిపై పనిచేసే హెట్రజాన్ అనే మందు 1947లో వెలువడింది. గోదావరి ప్రాంతంలో ఎందరినో కుంగదీసిన వ్యాధి అది. దోమల ద్వారా వ్యాపించే ఆ వ్యాధిని నిర్మూలించడానికి మన దేశంలో నేటికీ ఊరూరా పంచేది ఆ మందునే. డెబ్బై ఏళ్ళు దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు సుబ్బారావు ప్రోత్సాహంతో మట్టిలోని సూక్ష్మజీవుల నుండి ఆరియోమైసిన్ అనే మందును సాధించాడు. టెట్రాసైక్లిన్ జాతికి చెందిన మందులలో అదే మొదటిది. అది 1948లో లోకానికి తెలిసింది.

ఆ సంవత్సరమే ఆగస్టు నెలలో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. గుండెకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని పట్టి చూపిన శాస్త్రజ్ఞుని గుండె అలా హఠాత్తుగా ఆగిపోయింది. మైటోకాండ్రియాయే కణానికి పొయ్యి అని కెనడీ, లెనింజర్ అనే శాస్త్రజ్ఞులు నిరూపించింది కూడా 1948, 1949 సంవత్సరాలలోనే. తాను కనుగొన్న పదార్థాలన్నీ ఒక్కచోట కలిసి పనిచేసే తీరును పూర్తిగా చూడకుండానే ఆయన వెళ్ళిపోయాడు.

సుబ్బారావు పేరు కోసం పాకులాడలేదు. సభలకు, సన్మానాలకు దూరంగా ఉన్నాడు. పరిశోధన ఫలితాలు ప్రకటించే వేళ సహచరులను ముందు నిలిపి తాను వెనుక నిలిచాడు. అందువల్ల ఆయన మందులు ఊరూరా చేరినా, ఆయన పేరు చాలామందికి తెలియలేదు. అమెరికా పౌరసత్వం స్వీకరించకుండా భారతీయుడుగానే కన్నుమూశాడు. ఆయన స్మృతికి చిహ్నంగా శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళను విడుదల చేసింది.

పరీక్షలో రెండుసార్లు తప్పిన బాలుడు ప్రపంచానికి విజ్ఞానాన్ని పంచాడు. రోగుల పాత్రలు కడిగిన చేతులు రోగులకు మందులను ప్రసాదించాయి. సొంత ఇంటి దుఃఖాన్ని ఆయన లోకహితంగా మార్చుకున్నాడు. సొంత ఊరికి ఎంత దూరాన ఉన్నా మనిషి తన కృషితో తన జాతికి వెలుగు తేగలడనడానికి యల్లాప్రగడ సుబ్బారావు జీవితమే నిదర్శనం.

పదాలు – అర్థాలు

పచనం = జీర్ణం కావడం, ఉడకడం
సన్నగిల్లు = తగ్గిపోవు
సంగ్రహణి = తిన్నది వంటబట్టని దీర్ఘకాలిక వ్యాధి
వీగిపోవు = నిలవక ఓడిపోవు
గాదె = ధాన్యం నిలువచేసే కట్టడం
పట్టకారు = కాలిన వస్తువును పట్టుకునే పనిముట్టు
స్ఫటికం = పలకలు గల స్వచ్ఛమైన గట్టి రూపం

ప్రశ్నలు

1. సుబ్బారావు వైద్య పరిశోధన వైపు మరలడానికి కారణమేమి?
2. నీలిరంగు ఆలస్యంగా రావడం గమనించినందువల్ల ఏ కొత్త విషయం బయటపడింది?
3. ఏ.టి.పి.ని చేతిలోని చిల్లరతో ఎందుకు పోల్చారు?
4. మైటోకాండ్రియాలో చిన్న ఆమ్లాలు విడిపోవడానికి విటమినులు ఎలా తోడ్పడతాయి?
5. ఫోలికామ్లం సాధించిన మేలు ఏమిటి? అది చేయలేకపోయిన పని ఏమిటి?
6. మీ ఇంట్లో ఒక రోజు తినే ఆహార పదార్థాల పట్టిక వ్రాసి, వాటిలో దొరికే విటమినులను మీ విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుని అడిగి తెలుసుకోండి.